వార్న్ తర్వాత ఏం రావాలి: అబౌట్, ఆవ్, ఎగైన్‌స్ట్, నాట్ టు

ప్రశ్న ఇదీ: ఒకరిని హెచ్చరించిన సంగతి ఇంగ్లీషులో రాసేటప్పుడు "వార్న్‌డ్ టు హిమ్" అనాలా, "వార్న్‌డ్ హిమ్" అనాలా? ఆ తర్వాత అబౌట్, ఆవ్, ఎగైన్‌స్ట్, ఫర్, నాట్ టు వీటిలో ఏది రావాలి? "గివ్ వార్నింగ్" అంటే తప్పా? అన్నీ ఒకటేలే అని ఏదో ఒకటి పెట్టేస్తే కొన్నిచోట్ల మీరు చెప్పదలచుకున్నదానికి సరిగ్గా వ్యతిరేకార్థం వస్తుంది. అందుకే కాస్త విడమరిచి రాస్తున్నాను.

ముందుగా ఒక చిన్న సర్దుబాటు. ఇంగ్లీషులో ఓ, ఎఫ్ అని రెండక్షరాలతో రాసేదాన్ని ఇక్కడ "ఆవ్" అనీ, చివర రెండు ఎఫ్‌లు ఉన్నదాన్ని "ఆఫ్" అనీ రాస్తున్నాను. పలకడంలో కూడా మొదటిదాని చివర ఉన్నది వ శబ్దమే. వార్న్ పక్కన ఈ రెండూ వేర్వేరు పనులు చేస్తాయి కాబట్టి కలిపేయకూడదు.

హెచ్చరికల్లో ప్రధానంగా రెండు రకాలుంటాయి. ప్రమాదం ఉందని తెలియజేయడం ఒకటి: అక్కడ కుక్క ఉంది, రాత్రికి సర్వర్ ఆగిపోవచ్చు, ఆ మందు వేసుకుంటే నిద్ర వస్తుంది. ఫలానా పని చేయొద్దనో, చేయమనో గట్టిగా చెప్పడం రెండోది: ఆ తీగ ముట్టుకోకు, ఇంట్లోంచి బయటికి రాకు. తెలుగులో ఈ తేడాను "అని"కి ముందున్న మాట చూపిస్తుంది. "ఉందని హెచ్చరించాడు" వేరు, "వద్దని హెచ్చరించాడు" వేరు. ఇంగ్లీషులో ఆ పని వార్న్ తర్వాత వచ్చే మాట చేస్తుంది. ప్రమాదం గురించి చెబుతుంటే అబౌట్, ఆవ్, దట్. పని గురించి చెబుతుంటే టు, నాట్ టు, ఎగైన్‌స్ట్. ఇప్పటికే జరిగిపోయిన తప్పుకు మందలించడం మూడో సందర్భం. అక్కడ అబౌట్ వస్తుంది, క్రమశిక్షణ భాషలో ఫర్ వస్తుంది. రాయబోయే వాక్యం ఈ మూడింటిలో దేని కిందికి వస్తుందో ముందు తేల్చుకోండి. ప్రిపోజిషన్ సమస్య చాలావరకు అక్కడే తీరిపోతుంది.

ఇక మొదటి చిక్కు, టు. వార్న్ పక్కనే మనిషి రావాలి, మధ్యలో ఏమీ ఉండకూడదు. "ఐ వార్న్‌డ్ హిమ్" సరైనది, "ఐ వార్న్‌డ్ టు హిమ్" తప్పు. ఈ తప్పు ఎక్కణ్ణుంచి వస్తుందో గమనిస్తే మళ్ళీ చేయరు. "హెచ్చరించాను" అన్నప్పుడు మనం "అతన్ని" అనే అంటాం, అది ఇంగ్లీషుకు సరిగ్గా సరిపోతుంది. కానీ మాట్లాడేటప్పుడు ఎక్కువగా వాడేది "అతనికి వార్నింగ్ ఇచ్చాను". ఆ "కి" వెంటబడి వచ్చి "టు"గా మారి వార్న్ పక్కన కూర్చుంటోంది. టెల్, ఇన్‌ఫార్మ్, రిమైండ్, అడ్వైజ్ కూడా ఇదే జాతి. వీటిలో దేనికీ మనిషి ముందు టు పెట్టకూడదు. సే, ఎక్స్‌ప్లెయిన్ మాత్రం వేరే జాతి, వాటికి టు కావాలి. వార్నింగ్ అనే నామవాచకం వాడితే టు పెట్టొచ్చు: "ఐ గేవ్ ఎ వార్నింగ్ టు హిమ్". ఇందులో వ్యాకరణ దోషం లేదు. అయినా "ఐ గేవ్ హిమ్ ఎ వార్నింగ్" అన్నదే సహజంగా వినిపిస్తుంది. హెచ్చరిక అందుకున్నవాళ్ళ పేరు పొడుగ్గా ఉంటే టు వాడడం మేలు: "గేవ్ ఎ వార్నింగ్ టు ఆల్ ద డ్రైవర్స్ హూ హ్యాడ్ పార్క్‌డ్ దేర్".

పని గురించిన హెచ్చరికకు వద్దాం. ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. "వార్న్ సమ్‌వన్ టు" అంటే ఆ టు తర్వాత ఉన్నది అవతలివాళ్ళు చేయాల్సిన పని. "పోలీస్ వార్న్‌డ్ పీపుల్ టు స్టే ఇండోర్స్" అంటే ఇళ్ళలోనే ఉండమన్నారు. "వార్న్‌డ్ అస్ నాట్ టు టచ్ ద వైర్" అంటే ముట్టుకోవద్దన్నారు. ఎగైన్‌స్ట్ దీనికి తలకిందులు. ఎగైన్‌స్ట్ తర్వాత ఉన్నది చేయకూడని పని. వద్దు అనే అర్థం ఎగైన్‌స్ట్‌లోనే ఉంది, విడిగా నాట్ అక్కర్లేదు. "వార్న్‌డ్ హిమ్ ఎగైన్‌స్ట్ డ్రైవింగ్ ఎట్ నైట్" అన్నా, "వార్న్‌డ్ హిమ్ నాట్ టు డ్రైవ్ ఎట్ నైట్" అన్నా రాత్రిపూట బండి నడపొద్దనే.

ఒక్క ఉదాహరణను దగ్గరగా చూద్దాం. హెల్మెట్ పెట్టుకోమని హెచ్చరించిన సంగతి రాయాలి. "హి వార్న్‌డ్ మి టు వేర్ ఎ హెల్మెట్" సరైనది. "హి వార్న్‌డ్ మి అబౌట్ వేరింగ్ ఎ హెల్మెట్" అంటే పెట్టుకోవడం వల్ల ఏదో ఇబ్బంది ఉందని చెప్పినట్టు. "హి వార్న్‌డ్ మి ఎగైన్‌స్ట్ వేరింగ్ ఎ హెల్మెట్" అంటే పెట్టుకోవద్దన్నాడని. చదివేవాళ్ళు ఆ రాసిందే నమ్ముతారు. అలాగే "వార్న్‌డ్ మి ఎగైన్‌స్ట్ నాట్ వేరింగ్" అని రెండు వ్యతిరేకాలు కలిపి రాస్తే వ్యాకరణం నిలబడుతుంది గానీ చదివేవాడు ఆగి లెక్క వేసుకోవాల్సి వస్తుంది. భద్రతకు సంబంధించిన సూచనల్లో అలాంటి వాక్యం పనికిరాదు. మాత్రలు మానొద్దని డాక్టర్ చెబితే "వార్న్‌డ్ హిమ్ ఎగైన్‌స్ట్ స్కిప్పింగ్ ద టాబ్లెట్స్" అనండి. "ఎగైన్‌స్ట్ నాట్ టేకింగ్" వద్దు. స్కిప్, ఇగ్నోర్, ఫర్‌గెట్, డిలే లాంటి క్రియల్లో లోపం అనే అర్థం ముందే ఉంటుంది కాబట్టి ఎగైన్‌స్ట్ పక్కన అవి చక్కగా అతుకుతాయి.

రూపాల విషయంలో జరిగే పొరపాట్లు ఇవి. ఎగైన్‌స్ట్ తర్వాత క్రియ వస్తే ఐఎన్‌జీ రూపమే రావాలి, "ఎగైన్‌స్ట్ టు గో" ఉండదు. "వార్న్‌డ్ మి డోంట్ గో", "వార్న్‌డ్ మి టు డోంట్ గో" రెండూ తప్పు. సూటిగా అతని మాటలే ఇవ్వాలంటే కొటేషన్ గుర్తులు పెట్టి "డోంట్ గో" అని రాసి, తర్వాత "హి వార్న్‌డ్" అనొచ్చు. "డిడంట్ వార్న్ మి టు గో" అంటే వెళ్ళమని హెచ్చరించలేదని అర్థం, వెళ్ళొద్దని హెచ్చరించినట్టు కాదు. వ్యతిరేకం టు ముందు ఉండాలి గానీ వార్న్ ముందుకు పోకూడదు. "టు నాట్ గో" అనే వరస కూడా మాటల్లో వినిపిస్తూనే ఉంటుంది, తప్పనలేం. రాతలో మాత్రం "నాట్ టు గో" అనండి, ఎవరూ వంక పెట్టరు. "వార్న్‌డ్ హిమ్ ఫ్రమ్ గోయింగ్" అని కూడా కొందరు రాస్తారు. స్టాప్, ప్రివెంట్ అనే క్రియలకు ఫ్రమ్ వస్తుంది కాబట్టి ఆ అలవాటు ఇటు దూకింది. వార్న్‌కు ఫ్రమ్ నేరుగా రాదు, మధ్యలో "అవే" (దూరంగా) అనే ఇంగ్లీషు మాట ఉంటేనే వస్తుంది: "వార్న్‌డ్ ద చిల్డ్రన్ అవే ఫ్రమ్ ది ఎడ్జ్", అంటే అంచు దగ్గరికి రావద్దని దూరంగా పంపారు.

ఆఫ్ పనిచేసేది కూడా ఈ దూరం పెట్టే అర్థంలోనే. "వార్న్‌డ్ హిమ్ ఆఫ్" అంటే ఈ ఛాయలకు రాకు అని పంపేశారని. దాంట్లో కాస్త బెదిరింపు ఛాయ ఉంటుంది. "వార్న్‌డ్ మి ఆఫ్ బయింగ్ దట్ కార్" అంటే ఆ కారు కొనొద్దని వారించారని, ఇందులో బెదిరింపేమీ లేదు. బ్రిటన్ గుర్రప్పందేల భాషలో ఎవరినైనా "వార్న్‌డ్ ఆఫ్" అన్నారంటే పందెం మైదానాల్లోకి అడుగుపెట్టకుండా నిషేధించారని ప్రత్యేకార్థం. వార్తల్లో ఆ మాట కనిపిస్తే మామూలు హెచ్చరిక అనుకోకండి.

ఇక ప్రమాదం గురించిన హెచ్చరిక, అంటే అబౌట్, ఆవ్, దట్. ఈ మూడింటిలో సురక్షితమైనది దట్. పూర్తి వాక్యం దాని వెనక పెట్టొచ్చు, అర్థం తారుమారయ్యే అవకాశం లేదు: "ద బ్యాంక్ వార్న్‌డ్ కస్టమర్స్ దట్ ఫేక్ కాల్స్ వర్ ఇంక్రీజింగ్". సందేహం వస్తే దట్ వాడండి. అయితే దట్ కింద వాస్తవం రావాలి, ఆజ్ఞ రాకూడదు. "వార్న్‌డ్ అస్ దట్ డోంట్ ఓపెన్ ది అటాచ్‌మెంట్" అనడం మన "తెరవొద్దని" అన్నదాన్ని ముక్కకు ముక్క పేర్చడమే. "వార్న్‌డ్ అస్ నాట్ టు ఓపెన్ ది అటాచ్‌మెంట్" అనండి. లేదా "వార్న్‌డ్ అస్ దట్ ది అటాచ్‌మెంట్ మైట్ కంటెయిన్ ఎ వైరస్" అని ప్రమాదాన్నే చెప్పండి.

అబౌట్, ఆవ్‌ల మధ్య తేడా సన్నగా ఉంటుంది కానీ ఉంది. ఆవ్ పక్కన రాబోయే కీడు కూర్చుంటుంది: డేంజర్, రిస్క్, కాన్సీక్వెన్సెస్, ఫ్లడ్స్, షార్టేజెస్, డిలేస్, ఎటాక్. భాష కొంచెం లాంఛనంగా ఉంటుంది, వార్తల్లో ఎక్కువ. "ఫోర్‌కాస్టర్స్ వార్న్‌డ్ ఆవ్ హెవీ రెయిన్" అన్న తరహా శీర్షికలు అందుకే అంతగా కనిపిస్తాయి. అబౌట్ రోజువారీ మాట. ఇప్పటికే ఉన్న విషయం, మనిషి, వస్తువు, అలవాటు ఏదైనా దాని పక్కన పెట్టొచ్చు. మనుషుల విషయంలో మాత్రం అబౌట్ తప్పనిసరి అనుకోండి. "షి వార్న్‌డ్ మి అబౌట్ హిమ్" అంటే అతనితో జాగ్రత్త అని చెప్పింది. అక్కడ "ఆవ్ హిమ్" అంటే పాతకాలపు ఇంగ్లీషులా ఉంటుంది. కుక్క, మెట్లు, మోసపు కాల్స్ అన్నీ అబౌట్‌తో నిక్షేపంగా నడుస్తాయి.

"ద మేనేజర్ వార్న్‌డ్ హిమ్ అబౌట్ హిజ్ లేట్‌నెస్" అన్న వాక్యంలో అబౌట్ చేసే పని వేరు. రాబోయే ప్రమాదం గురించి కాదు, ఆలస్యంగా వస్తున్నందుకు మందలించడం అది. అదే వాక్యంలో ఆవ్ పెడితే ఆలస్యం అనేది ఎక్కణ్ణుంచో వచ్చి పడబోతున్న ఉపద్రవంలా తయారవుతుంది, అర్థం చెడుతుంది. మందలింపు అయితే అబౌట్, ఉపద్రవం అయితే ఆవ్ లేదా అబౌట్ అని గుర్తుపెట్టుకుంటే చాలు.

ఫర్ సంగతి. ఆటల్లో, ఉద్యోగ క్రమశిక్షణలో, ట్రాఫిక్ పోలీసుల దగ్గర, అంటే జరిగిన తప్పుకు నియమం ప్రకారం హెచ్చరిక నమోదయ్యే చోట ఫర్ సరైనదే: "ద ప్లేయర్ వాజ్ వార్న్‌డ్ ఫర్ టైమ్-వేస్టింగ్", "షి గాట్ ఎ వార్నింగ్ ఫర్ స్పీడింగ్". ఫర్ వెనక ఉన్నది కారణం, అప్పటికే జరిగింది. రాబోయేదానికి ఫర్ వాడితే తప్పు. "వార్న్‌డ్ ఫర్ హెవీ రెయిన్" అనరు. అలాగే "వార్న్‌డ్ హిమ్ ఫర్ నాట్ టు కమ్ లేట్" అన్న వాక్యంలో ఫర్, నాట్ టు రెండూ ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. ఏదో ఒకటి తీసేయాలి, ఏది తీయాలన్నది అతను అప్పటికే ఆలస్యంగా వచ్చాడా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఎవరిని అన్నది చెప్పకుండా వార్న్ వాడొచ్చా అని కూడా కొందరికి సందేహం. వాడొచ్చు. "వార్న్‌డ్ దట్", "వార్న్‌డ్ ఆవ్", "వార్న్‌డ్ ఎగైన్‌స్ట్" ఈ మూడూ మనిషి లేకుండా ఇప్పుడు అన్నిచోట్లా చెల్లుతున్నాయి. బ్రిటిష్ రాతల్లో ఒకప్పుడు దీన్ని తప్పుపట్టేవాళ్ళు, పాత పుస్తకాల్లో ఆ అభ్యంతరం కనిపిస్తే కంగారుపడక్కర్లేదు. కానీ "వార్న్‌డ్ టు", "వార్న్‌డ్ నాట్ టు" మాత్రం మనిషి లేకుండా రాయకండి. చేయాల్సింది ఎవరో తెలియకపోతే ఆ వాక్యం నిలబడదు. పాసివ్‌లో మనిషి ముందుకు వచ్చేస్తాడు కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు: "విజిటర్స్ వర్ వార్న్‌డ్ నాట్ టు ఫీడ్ ది యానిమల్స్".

వార్న్‌ను, థ్రెటెన్‌ను కలగలపడం గురించి కాస్త నిలిచి చెప్పాలి, ఫిర్యాదుల్లో ఈ పొరపాటు నిజంగా హాని చేస్తుంది. ఎవరికీ చెప్పొద్దని బెదిరించాడు అన్నదాన్ని "హి థ్రెటెన్డ్ మి నాట్ టు టెల్ ఎనీవన్" అని రాస్తుంటారు. థ్రెటెన్ తర్వాత టు వస్తే ఆ పని చేసేది బెదిరించినవాడే. "హి థ్రెటెన్డ్ టు హిట్ మి" అంటే కొడతానన్నాడు. వార్న్ తర్వాత మనిషి, ఆ తర్వాత టు వస్తే ఆ పని చేయాల్సింది, మానాల్సింది విన్నవాడు. కాబట్టి ఎవరికీ చెప్పొద్దని బెదిరించాడు అనడానికి దారులు రెండు. ఏం చేస్తానన్నాడో తెలిస్తే "హి థ్రెటెన్డ్ టు హిట్ మి ఇఫ్ ఐ టోల్డ్ ఎనీవన్". అదేమీ చెప్పకుండా గట్టిగా వారించి ఉంటే "హి వార్న్‌డ్ మి నాట్ టు టెల్ ఎనీవన్". పోలీసులకో, సంస్థలోని విచారణ కమిటీకో రాసే కాగితంలో ఈ రెండూ ఒకటి కావు. మొదటిదాంట్లో హాని చేస్తానన్న మాట ఉంది, రెండోదాంట్లో లేదు. జరిగింది ఏదో అదే రాయాలి.

మర్యాద సంగతికి వస్తే, "ఐ యామ్ వార్నింగ్ యూ" అన్నది బెదిరింపే. తెలుగులో "చెప్తున్నా, జాగ్రత్త" అని వేలు చూపించి అన్నంత పదును దానికి ఉంది. "యూ హ్యావ్ బీన్ వార్న్‌డ్" కూడా అంతే, ఇక జరిగేదానికి నీదే బాధ్యత అని చేతులు దులుపుకోవడం. పై అధికారికో, కస్టమర్‌కో రాసేటప్పుడు "ఐ వాంట్ టు వార్న్ యూ" అనకండి, మీ ఉద్దేశం మంచిదే అయినా గదమాయించినట్టు ఉంటుంది. దాని బదులు "ఐ షుడ్ మెన్షన్ దట్", "ఐ వాంటెడ్ టు లెట్ యూ నో దట్", "ఐడ్ లైక్ టు ఫ్లాగ్ ఎ రిస్క్" సరిపోతాయి. విచిత్రం ఏమిటంటే షుడ్ గానీ మస్ట్ గానీ చేరగానే వార్న్ మెత్తబడుతుంది. "ఐ షుడ్ వార్న్ యూ, ద స్టెయిర్స్ ఆర్ స్టీప్" అన్నది అతిథి మీద శ్రద్ధతో అన్న మాట. ఇంట్లో, స్నేహితుల మధ్య హాయిగా వాడొచ్చు.

ఆఫీసు చాట్‌లలో హెడ్స్-అప్ బాగా నడుస్తోంది. దీనికి మూడు షరతులు. ముందు "ఎ" ఉండాలి: "గివ్ మి ఎ హెడ్స్-అప్". ఎస్ పోకూడదు, "హెడ్ అప్" అనరు. నామవాచకంగా రాస్తే మధ్యలో హైఫన్ పెట్టాలి. తర్వాత అబౌట్, ఆన్, దట్ ఏదైనా రావచ్చు. దీని అర్థం ముందుగా ఒక మాట చెవిన వేయడం, అందులో ప్రమాదం ఉండనక్కర్లేదు. మీటింగ్ అరగంట వెనక్కి జరిగిందని చెప్పడం కూడా హెడ్స్-అప్పే. కాబట్టి ఇదేదో వార్నింగ్‌కు మర్యాదైన పేరు అనుకుని క్రమశిక్షణ చర్య గురించో, ఉద్యోగం పోవడం గురించో రాసే ఉత్తరంలో వాడకండి. అంత బరువు అది మోయదు.

నామవాచకంగా వార్నింగ్. ఒక నిర్దిష్టమైన హెచ్చరిక అయితే లెక్కపెట్టొచ్చు, ఆర్టికల్ కావాలి: "గేవ్ హిమ్ ఎ వార్నింగ్", "త్రీ వార్నింగ్స్". ముందుగా తెలియడం అనే సాధారణ అర్థంలో అయితే ఆర్టికల్ పోతుంది: "వితౌట్ వార్నింగ్", "అడ్వాన్స్ వార్నింగ్", "విత్ లిటిల్ వార్నింగ్". "ద బ్రిడ్జ్ కొలాప్స్‌డ్ వితౌట్ ఎ వార్నింగ్" అంటే మరీ తప్పు కాదు గానీ "వితౌట్ వార్నింగ్" అన్నది స్థిరపడిన పలుకుబడి. "గివ్ వార్నింగ్" అని ఆర్టికల్ లేకుండా కూడా ఉంది: "ద సైరెన్ గివ్స్ వార్నింగ్ ఆవ్ యాన్ ఎటాక్". ఫలానా వ్యక్తికి ఫలానా రోజున ఇచ్చిన హెచ్చరికకు మాత్రం "ఎ" తీసేయకండి. పాత ఇంగ్లీషు నవలల్లో వంటమనిషి "గేవ్ వార్నింగ్" అని కనిపిస్తే ఎవరినో బెదిరించిందని కాదు, పని మానేస్తున్నానని ముందుగా నోటీసు ఇచ్చిందని.

వార్నింగ్‌కు ముందు వచ్చే క్రియలు కూడా తెలిసి ఉండాలి. అధికార సంస్థలు "ఇష్యూ" చేస్తాయి. ప్యాకెట్ మీద ఉంటే "ద ప్యాకెట్ క్యారీస్ ఎ వార్నింగ్". పట్టించుకుంటే "హీడ్", పెడచెవిన పెడితే "ఇగ్నోర్". ఫైన్ వేయకుండా హెచ్చరించి వదిలేస్తే "లెట్ హిమ్ ఆఫ్ విత్ ఎ వార్నింగ్". "పుట్ ఎ వార్నింగ్ టు హిమ్" అనేది ఇంగ్లీషులో లేదు.

వార్నింగ్, కాషన్ రెండూ ఒకటే అనుకుని ఇష్టం వచ్చినట్టు మార్చుకునేవాళ్ళు టెక్నికల్ రాతల్లో జాగ్రత్తపడాలి. యంత్రాల మీద అంటించే భద్రతా గుర్తులకు అమెరికాలో ఆన్సీ జెడ్535 అనే ప్రమాణాల వరస ఉంది. అందులో డేంజర్ అంటే తప్పించుకోకపోతే ప్రాణం పోవడమో, తీవ్ర గాయమో ఖాయం. వార్నింగ్ అంటే అవి జరిగే అవకాశం ఉంది. కాషన్ అంటే చిన్నపాటి లేదా ఓ మోస్తరు గాయం కావచ్చు. మనిషికి గాయం సంగతి లేకుండా వస్తువు పాడయ్యే విషయమైతే నోటీస్. మాన్యువల్ అనువదించేటప్పుడు ఈ నాలుగింటికీ "హెచ్చరిక" అని ఒకే మాట వాడితే ఆ మెట్లన్నీ చెరిగిపోతాయి. వాతావరణంలోనూ మెట్లున్నాయి. అమెరికా నేషనల్ వెదర్ సర్వీస్ టోర్నడో వాచ్ అంటే అందుకు అనువైన పరిస్థితులున్నాయని, టోర్నడో వార్నింగ్ అంటే అది కనబడిందనో రాడార్‌లో తేలిందనో, వెంటనే తలదాచుకోవాలని. ప్రోగ్రామర్లకు తెలిసిన సంగతే, రాసిన కోడ్‌ను యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ ఎర్రర్ ఇస్తే బిల్డ్, అంటే ప్రోగ్రామ్ తయారీ, ఆగుతుంది, వార్నింగ్ ఇస్తే మామూలుగా ఆగదు. అక్కడ వాక్యం "ద కంపైలర్ వార్న్స్ అబౌట్ అన్‌యూజ్డ్ వేరియబుల్స్". కాషన్‌కు న్యాయపరమైన అర్థం కూడా ఉంది. ఇంగ్లండ్‌లో పోలీసులు "కాషన్" చేశారంటే విచారణకు ముందు చెప్పాల్సిన హక్కుల మాటలు చెప్పారని కావచ్చు, కేసు పెట్టకుండా లాంఛనంగా హెచ్చరించి నమోదు చేశారని కావచ్చు. అమెరికాలో ఆ హక్కుల మాటలకే 1966 నాటి సుప్రీంకోర్టు తీర్పు మీదుగా మిరాండా వార్నింగ్ అని పేరొచ్చింది.

ప్రమాదం కళ్ళెదుటే ఉన్నప్పుడు వార్న్‌తో పనిలేదు. "వాచ్ అవుట్!", "లుక్ అవుట్!" అని అరవాలి. తర్వాత ఎవరికైనా చెప్పేటప్పుడు "ఐ వార్న్‌డ్ హిమ్" అవుతుంది. "వాచ్ అవుట్" తర్వాత వస్తువు చెప్పాలంటే ఫర్: "వాచ్ అవుట్ ఫర్ ద స్టెప్". గేటు మీద రాసే "బివేర్ ఆవ్ ద డాగ్"లో ఉన్నది ఒకే పదం, విడదీసి "బి అవేర్" అని రాస్తే కుక్క ఉందన్న సంగతి తెలుసుకోండి అన్నంత చప్పబడుతుంది. బివేర్‌కు ఇప్పటి వాడుకలో ఈడీ రూపం గానీ, ఐఎన్‌జీ రూపం గానీ లేవు. అలా చెప్పాల్సి వస్తే వార్న్ వైపే తిరగాలి.

ఇప్పుడు ఇలాంటి తప్పులు చాలా ఒకేచోట ఉన్న మెయిల్ ఒకటి తీసుకుందాం. "ఐ హ్యావ్ వార్న్‌డ్ టు హిమ్ లాస్ట్ వీక్ ఫర్ నాట్ టు షేర్ ద పాస్‌వర్డ్. ఐ గేవ్ వార్నింగ్ ఆవ్ హిజ్ లేట్ కమింగ్ ఆల్సో." లాస్ట్ వీక్ అని సమయం చెప్పాక హ్యావ్ ఉండకూడదు, అది పోవాలి. చాలామంది దాని బదులు హ్యాడ్ పెడతారు, అదీ అక్కర్లేదు. గతంలో మరో సంఘటనకు ముందు జరిగిందని చెప్పాల్సి వస్తేనే "ఐ హ్యాడ్ వార్న్‌డ్". తర్వాత టు పోవాలి. ఫర్ పోవాలి. రెండో వాక్యంలో వార్నింగ్ ముందు మనిషి, ఎ చేరాలి, ఆవ్ బదులు అబౌట్ రావాలి, "లేట్ కమింగ్" బదులు లేట్‌నెస్ రావాలి. అప్పుడు మిగిలేది: "ఐ వార్న్‌డ్ హిమ్ లాస్ట్ వీక్ నాట్ టు షేర్ ద పాస్‌వర్డ్. ఐ ఆల్సో గేవ్ హిమ్ ఎ వార్నింగ్ అబౌట్ హిజ్ లేట్‌నెస్."

ఇదే విషయం సిబ్బంది రికార్డులోకి ఎక్కించాలంటే "లాస్ట్ వీక్" సరిపోదు, తేదీ కావాలి. నోటిమాటగా చెప్పిందా, రాతపూర్వకమా అన్నదీ ఉండాలి, చాలా సంస్థల్లో వెర్బల్ వార్నింగ్, రిటన్ వార్నింగ్, ఫైనల్ రిటన్ వార్నింగ్ అని వరస ఉంటుంది కాబట్టి. అప్పుడు వాక్యం ఇలా మారుతుంది: "హి వాజ్ గివెన్ ఎ వెర్బల్ వార్నింగ్ ఆన్ 3 మార్చ్ ఫర్ షేరింగ్ హిజ్ పాస్‌వర్డ్." ఇక్కడ ఫర్ షేరింగ్ అని రాశారంటే అతను పాస్‌వర్డ్ షేర్ చేశాడని మీరు రికార్డు చేసినట్టే. షేర్ చేయలేదు, చేయొద్దని ముందుజాగ్రత్తగా చెప్పారంతే అయితే "హి వాజ్ వార్న్‌డ్ ఎగైన్‌స్ట్ షేరింగ్ హిజ్ పాస్‌వర్డ్" అని రాయాలి, వెర్బల్ వార్నింగ్ అన్న మాటే అందులో రాకూడదు.